కొండెక్కిన ఊరు

దీపం ఆరిపోయిందని అనడానికి మనసొప్పక ‘కొండెక్కింది’ అంటారు మన పెద్దవాళ్లు. పల్నాడులో ఒక ఊరు నిజంగానే కొండెక్కింది. అలా ఎక్కబట్టే ఆరిపోకుండా మిగిలింది! ఆ ఊరు విజయపురి. పదిహేడు వందల ఏళ్ల కిందట ఇక్ష్వాకు రాజుల రాజధాని. అది ఎక్కిన కొండ నాగార్జునకొండ. ఇప్పుడు దాని చుట్టూ కనుచూపు మేర కృష్ణమ్మ నీళ్లే.

పిల్లలకు సెలవులిచ్చారంటే గుంటూరు, బాపట్ల, తెనాలి, రేపల్లె వైపు నుంచి సాగర్‌కు బయల్దేరే బండ్లకు లెక్కుండదు. వాటిలో చాలావాటి పద్ధతి ఒక్కటే. పొద్దున్నే ఆనకట్ట దగ్గర ఫొటోలు. ఆ తర్వాత ఎత్తిపోతల జలపాతం. మధ్యలో లాంచీ ఎక్కి కొండ మీద ఓ గంట. తిరుగుదారిలో మాచర్ల చెన్నకేశవస్వామి దర్శనం. రాత్రికి ఇల్లు. ‘అన్నీ చూశాం’ అన్న తృప్తి మిగులుతుంది కానీ, నాగార్జునకొండలో ఏం చూశారని అడిగితే ‘మ్యూజియం ఉంది, బాగుంది’ అన్న మాటే వస్తుంది. ఆ కొండకు ఒక్క గంట చాలదు. ఒక పగలంతా దానికే ఇచ్చేస్తే అది చెప్పే కథ వేరు.

రెంటచింతల దాటితే...

పిట్టలవానిపాలెం నుంచి పొన్నూరు, గుంటూరు, సత్తెనపల్లి, పిడుగురాళ్ల, గురజాల మీదుగా మాచర్ల చేరి, అక్కడినుంచి విజయపురి సౌత్‌కు వెళ్లాలి. మొత్తం సుమారు 200 కిలోమీటర్లు. వరిచేలూ తాటిచెట్లూ గుంటూరు దాటేసరికి వెనకబడతాయి. పత్తి, మిరప చేలు మొదలవుతాయి. పిడుగురాళ్ల వచ్చేసరికి సున్నపు బట్టీలు కనిపిస్తాయి. వేసవిలో ఉష్ణోగ్రతల వార్తల్లో తరచూ వినిపించే రెంటచింతల కూడా ఈ దారిలోనే ఉంది. నేలలో రాయి పెరుగుతున్న కొద్దీ ఒక సంగతి అర్థమవుతుంది. పల్నాటి సున్నపురాయి చెక్కడానికి అనువుగా ఉంటుంది. అమరావతి శిల్పాలకూ నాగార్జునకొండ శిల్పాలకూ ప్రాణం పోసింది ఆ జాతి రాయే.

తెల్లవారుజామున మూడున్నరకు బయల్దేరితే మొదటి లాంచీ అందుకోవచ్చు. పెద్దవాళ్లూ చంటిపిల్లలూ ఉంటే మాత్రం ముందురోజు సాయంత్రానికే మాచర్లో, విజయపురి సౌతో చేరి నిద్రచేయడం మేలు. రాత్రంతా ప్రయాణం చేసి వచ్చిన కళ్లకు రాళ్లన్నీ ఒకేలా కనిపిస్తాయి మరి!

లాంచీ కింద ఓ లోయ

విజయపురి సౌత్ రేవు నుంచి కొండకు 11 కిలోమీటర్లు. లాంచీలో ముప్పావు గంట నుంచి గంట దాకా పడుతుంది. లైఫ్ జాకెట్లు తొడుక్కుని పిల్లలు రెయిలింగ్ దగ్గర చేరతారు. పెద్దవాళ్లు గాలికి కొంగు సర్దుకుంటూ అటూ ఇటూ నల్లమల కొండలను చూస్తారు. ఎవరూ నీళ్లలోకి మాత్రం చూడరు. అసలు చూడాల్సింది అక్కడే.

లాంచీ వెళ్తున్న ఈ నీటి అడుగున ఒకప్పుడు లోయ ఉండేది. మూడు వైపులా నల్లమల కొండలు, నాలుగో వైపు కృష్ణ. కోటగోడ కట్టకుండానే కోటలా ఉన్న చోటు. శాతవాహనుల తర్వాత మూడో శతాబ్దంలో ఇక్ష్వాకులు తమ రాజధానిని ఇక్కడ పెట్టుకున్నారు. శాంతమూలుడు అశ్వమేధం చేశాడు. ఆయన కొడుకు వీరపురుషదత్తుడి కాలంలో లోయ నిండా చైత్యాలు, విహారాలు లేచాయి. మనుమడు ఎహువల శాంతమూలుడి కాలంలో శివుడికీ విష్ణువుకూ కార్తికేయుడికీ గుళ్లు వెలిశాయి. ముప్పైకి పైగా బౌద్ధ నిర్మాణాలు, వాటికి కూతవేటు దూరంలో వైదిక ఆలయాలు... ఒకే ఊళ్లో!

ఆ ఊరి కృష్ణ ఒడ్డున రాతిమెట్ల స్నానఘట్టం. గుట్ట కింద ప్రేక్షకులు కూర్చునే మెట్లతో రంగస్థలం. కంసాలి అంగడి ఒకటి కూడా బయటపడింది. మూసలు, గీటురాయి, నగల అచ్చులు దొరికాయి. రోమన్ బంగారు నాణేలూ దొరికాయి. అంటే ఈ లోయకు సముద్రాలు దాటి వచ్చిన బంగారం చేరిందన్నమాట. ఒక శాసనమైతే తమలపాకుల వ్యాపారుల సంఘం గురించీ పిండివంటలవాళ్ల సంఘం గురించీ చెబుతుంది. గుడికి ఇచ్చిన సొమ్మును ఆ సంఘాల దగ్గర శాశ్వతనిధిగా పెట్టారట. ఇప్పుడు మనం బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ వేసినట్టు! తమలపాకు తోటలను చూస్తూ పెరిగిన పొన్నూరు, బాపట్ల వైపు వాళ్లకు ఈ కబురు ఇంటి సంగతిలా అనిపించక మానదు.

మాస్టారు చూసిన స్తంభం

ఇంత ఊరూ నాలుగో శతాబ్దం తర్వాత మెల్లగా మట్టిలో కలిసింది. మధ్యయుగాల్లో కొండ మీద కోట కట్టారు. ఆ గోడలు ఇప్పటికీ కనిపిస్తాయి. కానీ కింద లోయలో ఏముందో ఎవరూ పట్టించుకోలేదు. పశువులు మేసేవి. జొన్నలు పండేవి. పుల్లారెడ్డిగూడెం లాంటి పల్లెలు ఉండేవి.

1926లో సూరపరాజు వెంకటరామయ్య అనే బడిపంతులు అక్కడ నిలబడి ఉన్న ఒక పాత స్తంభాన్ని చూశారు. ఊళ్లో వాళ్లంతా రోజూ చూసేదే. ఆయన మాత్రం చూసి ఊరుకోలేదు. ప్రభుత్వానికి తెలియజేశారు. ఆ కబురుతో శాసనాల శాఖ కదిలింది. 1927 నుంచి 1931 దాకా లాంగ్‌హర్స్ట్ తవ్వకాలు జరిపాడు. 1938 ప్రాంతంలో టి.ఎన్.రామచంద్రన్ మరికొన్ని వెలికితీశారు. ఒక మాస్టారు రాసి పంపిన కబురు పుణ్యమా అని ఒక రాజధాని తిరిగి చరిత్రకెక్కింది.

ఆరేళ్ల గడువు

తర్వాత వచ్చింది అసలు పరీక్ష. కృష్ణ మీద నందికొండ దగ్గర పెద్ద ఆనకట్ట కట్టాలని నిర్ణయించారు. 1955 డిసెంబరు 10న ప్రధాని నెహ్రూ శంకుస్థాపన చేశారు. ఆనకట్ట లేస్తే లోయ మునుగుతుంది. ఆపితే పల్నాడు, ప్రకాశం, నల్గొండ, ఖమ్మం మెట్టభూములకు నీళ్లుండవు. కూడు కావాలా, చరిత్ర కావాలా?

దేశం కూడే కావాలంది. చరిత్రను మాత్రం చేతనైనంత ఎత్తుకుపోదామంది. ఆర్.సుబ్రహ్మణ్యం నాయకత్వంలో పురావస్తు శాఖ 1954 నుంచి 1960 దాకా లోయంతా తవ్వింది. రాతియుగపు పనిముట్ల నుంచి మధ్యయుగాల దాకా వంద చోట్లకు పైగా తవ్వకాలు జరిగాయి. దొరికినవాటికి కొలతలు తీశారు. బొమ్మలు గీశారు. ఫొటోలు తీశారు. తొమ్మిది కట్టడాలను ఊడదీసి కొండ మీదికి చేర్చి, కింద ఎలా ఉన్నాయో అలాగే మళ్లీ కట్టారు. మరో పద్నాలుగింటి నమూనాలను కొండ మీదా, కుడి ఒడ్డున అనుపు దగ్గరా నిలబెట్టారు. శిల్పాలకు, శాసనాలకు కొండ మీదే మ్యూజియం కట్టి 1966లో తెరిచారు. 1967 ఆగస్టు 4న ప్రధాని ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు.

ఈజిప్టులో ఆస్వాన్ ఆనకట్ట కోసం అబూ సింబెల్ గుళ్లను 1964 నుంచి 1968 మధ్య కోసి పైకి తరలించిన కథ ప్రపంచమంతా చెప్పుకుంటుంది. అలాంటి పనే మన పల్నాడులో అంతకు ముందే మొదలైంది. మనమే తక్కువ చెప్పుకుంటాం.

రాళ్లకు కొండ మీద చోటు దొరికింది. లోయలో ఇళ్లూ పొలాలూ ఉన్నవాళ్లకు ఆ చోటు దొరకలేదు. పల్లెలూ తండాలూ ఖాళీ అయ్యాయి. లాంచీ దిగేముందు ఆ మాట కూడా ఒక్కసారి గుర్తుచేసుకోవాలి.

మేనత్త కట్టించిన చైత్యం

రేవు నుంచి పైకి నడిస్తే చెట్ల నీడలో కట్టడాలు ఒక్కొక్కటే ఎదురవుతాయి. తొందరపడే వాళ్లకు ఇవి మోకాలెత్తు ఇటుక గోడలు. నిదానంగా చూస్తే ఒక్కో గోడకూ ఒక మనిషి కనిపిస్తుంది.

మహాచైత్యం ముందు కాసేపు కూర్చోండి. దీని వ్యాసం 106 అడుగులు. పైనుంచి చూస్తే బండిచక్రంలా ఉంటుంది. మధ్యలో కుంభం, చుట్టూ ఆకులు, అంచున పట్టా... అన్నీ ఇటుక గోడలే. ఆ గోడల మధ్య గదులను మట్టితో నింపి పైన గుండ్రంగా కట్టారు. ఇటుక ఖర్చు తగ్గింది, గట్టితనం తగ్గలేదు. బుద్ధుడి ధర్మచక్రం కూడా పునాదిలోనే కుదిరిపోయింది. నాలుగు దిక్కులా ఐదేసి స్తంభాలు నిలిపేవారు. ఆయక స్తంభాలంటారు వాటిని. బుద్ధుడి జననం, ఇల్లు విడవడం, జ్ఞానోదయం, తొలి బోధ, నిర్యాణం... ఈ ఐదింటికీ గుర్తులని చెబుతారు.

ఈ చైత్యం స్తంభాల మీద ఎక్కువగా కనిపించే పేరు రాజుది కాదు, శాంతిశ్రీది. శాంతమూలుడి చెల్లెలు. వీరపురుషదత్తుడి ఆరో పాలనా సంవత్సరంలో ఆమె ఈ స్తంభాలు నిలిపింది. ఆమె వీరపురుషదత్తుడికి మేనత్త, పిల్లనిచ్చిన అత్త కూడా! ఇంకో మేనత్త కూతుళ్లిద్దరినీ కూడా ఆయన పెళ్లాడాడని శాసనాలు చెబుతున్నాయి. మేనరికాల ముచ్చట మన ఇళ్లలో ఎంత పాతదో దీన్ని చూస్తే తెలుస్తుంది. అన్న అశ్వమేధం చేశాడు, చెల్లెలు బౌద్ధ చైత్యానికి స్తంభాలెత్తించింది. ఇంట్లో ఎవరి దేవుడు వాళ్లకున్నాడు. ఇక్కడ తిరిగిన లాంచీల్లో ఒకదానికి శాంతిసిరి అని పేరుపెట్టారు. ఎక్కిన వాళ్లలో ఎంతమందికి ఆ పేరెవరిదో తెలుసు?

లాంగ్‌హర్స్ట్ తవ్వినప్పుడు మహాచైత్యం మధ్యలో ఏమీ దొరకలేదు. బయటి గదుల్లో ఒకదానిలో స్తూపం ఆకారంలో వెండి భరిణె దొరికింది. అందులో బంగారు భరిణె. దానిలో బంగారు పూలు, ముత్యాలతో పాటు చిన్న ఎముక ముక్క. బుద్ధధాతువుగా గౌరవించి దాన్ని తర్వాత సారనాథ్‌లోని మూలగంధకుటి విహారానికి అందజేశారు.

బోధిశ్రీ అనే మరో ఉపాసిక ఉంది. ఆమె రాణి కాదు. సింహళ దేశపు బౌద్ధాచార్యుల కోసం చైత్యగృహం కట్టించింది. కాశ్మీరం, గాంధారం, చీనా దేశాల వాళ్లకు ధర్మం చెప్పిన ఆచార్యులని ఆమె శాసనం వాళ్లను పొగుడుతుంది. అంటే కృష్ణ ఒడ్డున ఉన్న ఈ ఊరికి అంత దూరాల సంగతులు తెలుసు!

పక్కనే స్నానఘట్టం ఉంది. మెట్లు దిగితే అడుగున నది లేదు. నది ఎప్పుడో కింద ఉండిపోయింది. మెట్లు మాత్రమే కొండెక్కాయి. ఇంకొంచెం పక్కకు వెళ్తే పెద్దరాళ్లు పేర్చిన సమాధి. అది ఇక్ష్వాకులకన్నా ముందుతరాల వాళ్లది. పదడుగుల్లో ఎన్నో వందల ఏళ్లు వెనక్కి వెళ్లొచ్చు.

మ్యూజియంలో ఎండ దిగేదాకా

మధ్యాహ్నం ఎండ పెరిగాక మ్యూజియంలోకి వెళ్లడం మంచిది. నిలువెత్తు బుద్ధుడి ముందు అందరూ ఆగుతారు. దాని తర్వాత ఆగాల్సింది పలకల ముందు. బుద్ధుడి కథలు, జాతక కథలు, మాంధాత కథ అక్కడ రాతిలో నడుస్తాయి. ఒక్కో పలకలో కథ గదులు గదులుగా ఉంటుంది. ఏ గది తర్వాత ఏ గదో కనిపెట్టమని పిల్లలను అడగండి, అరగంట కదలరు.

ఛాయాస్తంభాలను వదలొద్దు. పోయినవాళ్ల జ్ఞాపకంగా నిలిపిన రాళ్లవి. శాంతమూలుడు పోయాక ఆయన రాణులూ తోబుట్టువులూ కలిసి నిలిపిన స్తంభముంది. రాజుకే కాదు, సైనికులకూ పనివాళ్లకూ నిలిపినవీ ఉన్నాయి. ఇప్పుడు మనం హాల్లో దండ వేసి పెట్టుకునే ఫొటో లాంటిది ఆ స్తంభం.

చివరగా మునిగిపోయిన లోయ నమూనా ఉన్న గది. లోయ ఎలా ఉండేదో, ఏ కట్టడం ఎక్కడ ఉండేదో చిన్నవిగా చేసి చూపించారు. చాలామంది దీన్ని చివర్లో లాంచీ కూత విని పరుగున దాటేస్తారు. నిజానికి ఇదే ముందు చూసి, ఆ తర్వాత తక్కినవి చూస్తే బాగుంటుంది. కొండ మీద చూసినవి ఆ లోయలో పిడికెడే అని అప్పుడు తెలుస్తుంది.

భట్టిప్రోలు రాళ్లు ఏమయ్యాయి?

ఈ కొండ విలువ తెలియాలంటే పిట్టలవానిపాలెం వాళ్లు దూరం వెళ్లక్కర్లేదు. అదే మండలంలోని చందోలు ఒకప్పుడు వెలనాటి చోడుల రాజధాని. లింగోద్భవస్వామి గుడి, మరికొన్ని గుర్తులు తప్ప ఆ రాజధాని ఆనవాళ్లు పెద్దగా మిగల్లేదు. ఇంకొంచెం ముందుకు వెళ్తే భట్టిప్రోలు. నాగార్జునకొండకన్నా పాత స్తూపం. పంతొమ్మిదో శతాబ్దంలో అక్కడి ఇటుకలనూ పాలరాళ్లనూ రోడ్డుకూ వెల్లటూరు దగ్గర కాలువ పనులకూ వాడేశారు. అంత పోయాక కూడా 1892లో అలెగ్జాండర్ రీ తవ్వితే ధాతు భరిణెలు దొరికాయి. వాటి మీది అక్షరాలు దక్షిణాదిలో దొరికిన అతిపాత రాతల్లో ఒకటిగా పేరుపడ్డాయి. పోయిన రాళ్ల మీద ఏముండేదో!

రెండు చోట్లా పని నీళ్ల కోసమే. భట్టిప్రోలులో కాలువ కోసం స్తూపాన్ని కరిగించారు. నాగార్జునకొండలో ఆనకట్ట కోసం చైత్యాన్ని నెత్తిన పెట్టుకుని కొండెక్కారు. మధ్యలో గడిచింది వందేళ్లలోపే. ఆ తేడాను కళ్లారా చూపించే చోటు ఇది.

ఇంకో మాట. ఈ జలాశయం కుడికాలువకు నెహ్రూ పేరు, ఎడమకాలువకు లాల్‌బహదూర్ శాస్త్రి పేరు. ఆ రెండు కాలువలకే కాదు, కిందికి వదిలిన నీళ్లు పులిచింతల దాటి ప్రకాశం బ్యారేజీ చేరి కృష్ణా డెల్టాకూ అందుతాయి. పశ్చిమ డెల్టాలో నారు పోసే రైతు సాగర్ నీటిమట్టం కోసం పేపరు తిరగేసేది అందుకే. అంటే పిట్టలవానిపాలెం చేలల్లో పారే నీళ్లలో కొన్నయినా విజయపురి వీధుల మీదుగా వచ్చినవే. పళ్లెంలో అన్నం మెతుక్కి ఆ మునిగిన ఊరు ఒక వాటాదారు!

సాయంత్రం చివరి లాంచీ దాకా ఉంటే చెట్ల కింద చాప పరుచుకుని పులిహోర, పెరుగన్నం తినొచ్చు. తాతయ్యలు శాసనాల బోర్డులు చదివి వినిపించొచ్చు. కొండ అంచున నిలబడి ‘ఇక్కడ స్నానఘట్టం ఉండేది, అక్కడ రంగస్థలం ఉండేది’ అని నీళ్ల మీదే వేలితో ఊరు గీయొచ్చు. ఖర్చులేని ఆట అది. ఆడినవాళ్లు మాత్రం ఆ ఊరిని మరిచిపోరు.

వెళ్లేముందు...

* మ్యూజియానికి శుక్రవారం సెలవు. ఆ రోజు తప్ప మిగతా రోజులు చూసుకోండి.

* గాలీ వానా ఎక్కువగా ఉన్నా, జనం తక్కువగా ఉన్నా లాంచీలు ఆగుతాయి. బయల్దేరేముందు పర్యాటక శాఖ రేవుకు ఫోన్ చేసి వేళలు, టికెట్ ధర కనుక్కోండి. తిరుగు లాంచీ ఏదైనా ఎక్కనిస్తారో లేదో టికెట్ తీసుకునేటప్పుడే అడగండి. రోజంతా ఉండాలంటే ఇదే ముఖ్యం.

* లైఫ్ జాకెట్ లేకుండా లాంచీలో కదలొద్దు, పిల్లలను కదలనివ్వొద్దు.

* టోపీలు, మంచినీళ్లు, భోజనం వెంట తీసుకెళ్లండి. తిన్న కాగితాలూ సీసాలూ అదే సంచిలో వెనక్కి తెచ్చేయండి.

* అనుపు కుడి ఒడ్డునే ఉంది. రోడ్డు మీద వెళ్లొచ్చు. అక్కడి రంగస్థలం మధ్యలో నిలబడి ఒకరు మాట్లాడితే పైమెట్టు మీద కూర్చున్నవాళ్లకు వినిపిస్తుంది. పిల్లలతో పరీక్షించి చూడండి.

* ఎత్తిపోతల, 2022లో నందికొండ దగ్గర తెలంగాణ వైపు తెరిచిన బుద్ధవనం... రెండూ చూడదగ్గవే. వాటికి ఇంకో రోజు పెట్టుకోండి. కొండకిచ్చిన రోజులోంచి మాత్రం కోయకండి.